ఆ యుద్ధాన్ని ఎవరూ సమర్థించలేదు

మొన్న ఒక పెళ్లిలో, రెండో బంతిలో, నా పక్క ఆకు ముందు కూర్చున్న డల్లస్ బావగారు బంగాళాదుంప వేపుడు మారు వడ్డించుకుంటూ, ఇరాక్ యుద్ధం పొరపాటని తాను మొదటి రోజునే చెప్పానని ప్రకటించారు. 2003 మార్చి నెలాఖరున, రెండు పక్కలా అమెరికా జెండాలు కట్టిన కారుకు ఆనుకుని దిగిన ఫొటోను, మా కుటుంబంలో ఈమెయిల్ ఉన్న ప్రతి ఒక్కరికీ పంపిన బావగారు ఈయనే. పెళ్లివారింట భోజనం దగ్గర మర్యాద కాదని నేను అప్పటికి ఊరుకున్నాను.

అయినా ఆయన ఒక్కరినే అనడం అన్యాయం. 2003 నాటి సర్వేల్లో 63 శాతం మంది అమెరికన్లు ఆ యుద్ధం సరైన నిర్ణయమేనన్నారు. యూగవ్ అనే సర్వే సంస్థ 2015లో, అప్పట్లో మీరేమనుకున్నారని అడిగితే, సరైనదేననుకున్నామని ఒప్పుకున్నవారు 38 శాతం మాత్రమే. నూటికి పాతికమంది ఆచూకీ లేదు. ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్ దాచిపెట్టాడన్న జనహనన ఆయుధాల కోసం వెయ్యిమందికి పైగా నిపుణుల బృందం దేశమంతా జల్లెడ పట్టి ఉత్త చేతులతో తిరిగి వచ్చింది కదా, వారినే ఈ పాతికమంది కోసం కూడా పంపించి ఉండవలసింది. ఫలితం అదే అయినా, వెతికామన్న తృప్తి మిగిలేది. తిలాపాపం తలా పిడికెడు అని మన పెద్దలు అన్నారు గాని, పంపకం వేళకు పిడికిలి చాచేవాడే ఉండడని వారికి తోచలేదు.

ఇంతకూ బావగారి విస్తట్లో ఉన్న వేపుడుకూ ఈ యుద్ధానికీ దగ్గరి చుట్టరికం ఉంది. ఫ్రాన్స్ ఈ దాడికి ఒప్పుకోలేదన్న కోపంతో, యుద్ధం మొదలవడానికి తొమ్మిది రోజుల ముందు, అమెరికా ప్రతినిధుల సభ క్యాంటీన్లలో ఫ్రెంచి ఫ్రైస్ పేరును ఫ్రీడమ్ ఫ్రైస్‌గా మార్చారు. బాబ్ నే, వాల్టర్ జోన్స్ అనే ఇద్దరు సభ్యులు దీనికి పూనుకున్నారు. ఫ్రెంచి టోస్టుకు కూడా స్వాతంత్ర్యం వచ్చింది. ఆ వేపుడు పుట్టింది బెల్జియంలోనని ఫ్రెంచి రాయబార కార్యాలయం వినయంగా గుర్తుచేసింది గాని, దేశభక్తి నూనె కాగిన తరవాత భూగోళం ఎవరికి కావాలి? ఈ లెక్కన రేపు మనకు బెంగాలుతో ఏదైనా పేచీ వస్తే బంగాళాదుంపకు కొత్త పేరు వెతుక్కోవాలి. విమోచన దుంప అంటే నోరు తిరుగుతుంది గాని, సమోసాలో ఏముందని అడిగిన పిల్లవాడికి జవాబు చెప్పడం కష్టం. ప్రపంచంలోకెల్లా బలమైన సైన్యం గల దేశం, ఒక నగరం మీద బాంబులు వేయబోతూ, ఇటు మెనూ బోర్డు మీద అక్షరాలు దిద్దుకుంటూ కూర్చుంది. 2006లో పాత పేరు మళ్లీ వచ్చి చేరింది. దానికి మాత్రం ప్రకటన లేదు, ప్రసంగం లేదు. యుద్ధాన్ని సమర్థించిన జనం కూడా అలాగే, బోర్డు మార్చినంత నిశ్శబ్దంగా మారిపోయారు.

మారారని గాలప్ అనే సర్వే సంస్థ వారి లెక్కలు చెబుతాయి. సైన్యాన్ని పంపడం పొరపాటా కాదా అన్నది వారి ప్రశ్న. యుద్ధం మొదలైన రోజుల్లో పొరపాటన్నవారు 23 శాతం, 2008 ఏప్రిల్ నాటికి 63 శాతం. వియత్నాం విషయంలో ఇదే ప్రశ్నకు 1965లో 24, 1971లో 61. రెండు యుద్ధాలకూ ఒకే వంటవాడు కొలత చూసి ఉప్పు వేసినట్టుంది. సొంత సైనికుల శవాలు పెరిగిన కొద్దీ మద్దతు తరుగుతుందని జాన్ ముల్లర్ అనే రాజనీతి పండితుడు వియత్నాం, కొరియా యుద్ధాలను చూసి ఏనాడో తేల్చాడు. సొంత సైనికులవి అన్న మాటను మళ్లీ చదవండి. ఇరాక్‌లో చనిపోయిన అమెరికన్ సైనికులు సుమారు 4,500 మంది. ఇరాక్ బాడీ కౌంట్ అనే సంస్థ ఒక్కొక్కటిగా నమోదు చేసిన పౌరుల మరణాలు 1,80,000 దాటాయి. ముల్లర్ సూత్రంలో మొదటి అంకె ఉంది, రెండోది లేదు.

ఇక ఆ పొరపాటు అన్న మాట. సాంబారులో ఉప్పు రెండుసార్లు పడితే పొరపాటు. శుభలేఖలో వరుడి ఇంటిపేరు తప్పు పడితే పొరపాటు. 2005 నవంబరులో ఇరాక్‌లోని హదీసా అనే ఊళ్లో, ఆడవారితో పసిపిల్లలతో సహా 24 మంది పౌరులను అమెరికన్ సైనికులు చంపారు. 2012లో ఆ దళం నాయకుడు ఒప్పుకున్నది విధి నిర్వహణలో నిర్లక్ష్యం, అనుభవించిన జైలు శిక్ష శూన్యం. అంతకుముందు 2004 మార్చిలో, వాషింగ్టన్ విలేఖరుల విందులో అధ్యక్షుడు బుష్ తన కార్యాలయంలో వంగి, బల్లల కింద వెతుకుతున్న ఫొటోలు చూపిస్తూ, ఆయుధాలు ఇక్కడా లేవే అని హాస్యమాడితే, విలేఖరులు నవ్వారు. అప్పటికే ఐదువందల మందికి పైగా వారి సొంత సైనికులే పోయారు. ఏ ఆయుధాల పేరు చెప్పి ఊళ్లను నేలమట్టం చేశారో, ఆ ఆయుధాలు లేకపోవడమే వారికి భోజనానంతర వినోదం! ఆ నవ్విన నోళ్లే కొన్నాళ్లకు గంభీరంగా పొరపాటు జరిగిందని పలికాయి. సిగ్గు అన్నది ఒకటి ఉంటుందని వీరికి ఎవరూ చెప్పలేదా?

పిడికెడు పాపం చేయి చాచి తీసుకున్నవాడు నాకు తెలిసి ఒకరున్నారు, అదీ ఆ వేపుడు నామకరణ కర్తల్లోనే. వాల్టర్ జోన్స్ ఒక సైనికుడి అంత్యక్రియలకు వెళ్లి వచ్చాక మనసు విరిగి, తన పార్టీకే ఎదురు తిరిగి, తాను మద్దతిచ్చిన యుద్ధాల్లో పోయినవారి కుటుంబాలకు 2019లో చనిపోయేలోగా 11,000కు పైగా ఉత్తరాలు సంతకం చేసి పంపారు. ఇరాకీలకు రాయలేదు, నిజమే. అయినా తాను సమర్థించలేదని మాత్రం ఆయన ఎన్నడూ అనలేదు.

చేతులు కడుక్కునే చోట ఇక ఉండబట్టలేక, "బావగారూ, మీ జెండాల ఫొటో ఇప్పటికీ నా మెయిల్లో భద్రంగా ఉంది" అన్నాను. ఆయన రుమాలుతో చేయి తుడుచుకుంటూ, "అదా, కొత్త కారు కొన్నాను కదయ్యా, అది చూపిద్దామని పంపాను" అన్నారు.