సవరణ: తొట్టె లోతును కుళాయి లావు అనుకున్నాను

పల్లెల్లో పెట్టాలనుకునే సౌర విద్యుత్, బ్యాటరీ నిల్వ కేంద్రాల గురించి రాసిన గత టపాలో ఒక పెద్ద తప్పు దొర్లింది. ఉదాహరణకు తీసుకున్న 20 మెగావాట్లు, 80 మెగావాట్ అవర్ల బ్యాటరీని 80 మెగావాట్లదని రాసేశాను. మొదటి అంకె కుళాయి లావు, అంటే ఒకేసారి ఎంత కరెంటు ఇవ్వగలదో; రెండోది తొట్టెలోని నీళ్లు, అంటే మొత్తం ఎంత కరెంటు నిల్వ ఉంటుందో. కుళాయి పూర్తిగా తిప్పితే ఆ తొట్టె 4 గంటల్లో ఖాళీ. దీపాలు పెట్టే వేళకు మొదలైతే భోజనాలయ్యేదాకా వస్తుందేమో. ‘తెల్లవార్లూ కరెంటు’ అన్న నా మాట చెల్లదు. పైగా ఎక్కించిందంతా తిరిగి రాదు, కొంత వేడిగా పోతుంది.

ఇలాంటి కేంద్రాల్లో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీలు ‘నిప్పంటుకోవు’ అనడమూ తొందరపాటే. మిగతా లిథియం రకాలకంటే వేడిని ఎక్కువ తట్టుకుంటాయి, నిజమే. కానీ ఒకసారి లోపలి వేడి అదుపు తప్పితే హైడ్రోజన్ వంటి మండే వాయువులు వెలువడతాయి. బ్యాటరీ పెట్టెల మధ్య ఎంత ఎడం ఉంటుంది, అగ్నిమాపక వాహనం తిరగడానికి దారి ఉందా అని అడిగేవారిని అనవసరంగా ఎద్దేవా చేశాను. ఆ వాక్యం తీసేశాను.

సౌర ఫలకల కింద గొర్రెలు మేయవచ్చన్నది మాత్రం మార్చడం లేదు.