అలివి వల గారికి అభినందన లేఖ

గౌరవనీయులైన అలివి వల గారికి,

నమస్కారాలు. సోమశిల దగ్గర కృష్ణా నదిలో చిన్నకన్ను వలగా మీరు చేస్తున్న సేవ గురించి చాలాకాలంగా వింటున్నాను. ఉత్తరం రాయాలని అనిపించింది మాత్రం మొన్న ఆదివారం, పప్పన్నంలోకి ఎండు చేపలు వేయించుకుందామని పొట్లం విప్పినప్పుడు.

పావుకిలో పొట్లం. సంతలో "చిన్న చేపలు" అని అమ్మారు. పళ్లెంలో పోసి చూస్తే కొన్నిటికి ఒంటికి మించిన తల, పైకి తిరిగిన నోరు. బొచ్చె చేపను ఎరిగినవారెవరైనా గుర్తుపడతారు. పుట్టుకతోనే చిన్నదైన చేప వేరు, పెరగనివ్వక చిన్నదిగా మిగిలిన చేప వేరు. నా పళ్లెంలో ఉన్నవి ఆ రెండో రకం. చూపుడు వేలంత పొడవు, కళ్లు గుంటలు పడి, తోకకు ఇంకా ఒడ్డు ఇసుక అంటుకుని ఉన్నాయి. ఏడాది నీళ్లలో ఉంటే ఒక్కొక్కటి కిలో తూగేది.

మీ సమదృష్టికి జోహార్లు. మామూలు వలలకు పక్షపాతం ఎక్కువ. పెద్దకన్ను (అంటే పెద్ద రంధ్రాల) వలలో తల దూర్చి మొప్పల దగ్గర చిక్కుకున్న చేపే పడుతుంది, పిల్ల చేప జారిపోతుంది. మీకా తేడాలు లేవు. దోమతెర లాంటి ఒళ్లు మీది. పడవతో నీళ్లను చుట్టేసి, రెండు కొసలూ పట్టి పదిమంది ఒడ్డుకు లాగితే తల్లీ పిల్లా అందరూ ఒకే కుప్ప. మీ కన్ను చిన్నదే కాని, ఎవరినీ చిన్నచూపు చూడరు. చేపపిల్లకు ఈత నేర్పనక్కరలేదని పెద్దలన్నారు. నిజమే, ఈదడానికి మీరు వ్యవధి ఇస్తే కదా!

తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చేపపిల్లలను ఉచితంగా వదిలే పథకం నడుపుతోంది. జలాశయాల్లోకి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు. ఒక రేవులో ఫొటోలు తీయించుకుని వదిలినవి మరో రేవులో మీ ఒడికి చేరుకుంటాయి. ఖజానా నుంచి ఎండు చేపల పొట్లం దాకా ఇంత అడ్డదారి మీరు తప్ప ఎవరు వేయగలరు?

వలల రకం, కొలతలు, వాడే తీరు నిర్ణయించే అధికారం 1897 నాటి మత్స్య చట్టమే ప్రభుత్వాలకు ఇచ్చింది. మీ మీద నిషేధమూ ఉంది. దొరికినప్పుడు ఒడ్డున కుప్పపోసి తగలబెడతారు కూడా. రక్తబీజుడి వంశం కాబోలు, మళ్లీ ఏదో ఒక రేవులో తేలతారు. మిమ్మల్ని పెట్టుబడి పెట్టి కొన్న పెద్దమనిషి మాత్రం ఆ మంట దగ్గర కనబడడు.

ఈ మధ్య కొందరు స్కేలు పట్టుకుని తిరుగుతున్నారు, జాగ్రత్త. కేరళలో 2015లో 14 రకాల సముద్ర చేపలకు కనీస పొడవు పెట్టి, 2017లో దాన్ని 58 రకాలకు పెంచారు. నూనె కవళ్లకు 10 సెంటీమీటర్లు, కానాగంతలకు 14. పశ్చిమ బెంగాల్‌లో 23 సెంటీమీటర్లకు తక్కువున్న ఇలిస (మన పులసే లెండి) పట్టకూడదు, అమ్మకూడదు.

ఆ "అమ్మకూడదు" దగ్గరే నాకు గుండె దడ పుట్టింది. అర్ధరాత్రి నది మధ్యలో మిమ్మల్ని పట్టుకోవడం కష్టం. సంతలో పట్టపగలు స్కేలు పెట్టి కొలిస్తే నా పొట్లం ఇట్టే దొరికిపోతుంది. మీ బతుకు నా పొట్లంతో ముడిపడి ఉందన్న సంగతి ఇంకా ఎవరి చెవినీ పడకపోవడం మన అదృష్టం.

ఎన్ని పట్టాలన్న లెక్క కూడా ఉంటుందట. అమెరికాలో ఎరీ సరస్సు దగ్గర సరదాకు గాలం వేసేవారికి పసుపు పెర్చ్ చేపలు రోజుకు ఇన్నే అని హద్దు. అది ఇక్కడ పెట్టమని మాత్రం నేను అడగను. వాళ్లకు గాలం సెలవు రోజు కాలక్షేపం. ఇక్కడ పుట్టిలో వెళ్లి పెద్దకన్ను వల వేసే మనిషికి ఒకరోజు నాలుగు చేపలు, మరోరోజు ఖాళీ పుట్టి. పడిన రోజున కూడా లెక్కపెట్టి ఆపమంటే ఇల్లెలా గడుస్తుంది? అయినా ఆయనకు హద్దు మీరు ఎప్పుడో పెట్టేశారు కదా.

ఉంటాను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు

తా.క.: పొట్లంలో ఇంకా సగం మిగిలింది. పారేయడానికి మనసు రావడం లేదు. వంకాయతో కలిపి వండితే బాగుంటుందని ఇంట్లో అంటున్నారు.