పువ్వు నెత్తిన బోర్లించిన గాజుబుడ్డి గారికి

గౌరవనీయులైన గాజుబుడ్డి గారికి,

ఉభయకుశలోపరి. పూల వాసన పట్టే పనిలో ప్రస్తుతం తమరు ఏ దేశంలో ఏ పువ్వు మీద కొలువై ఉన్నారో తెలియదు. మా పెరట్లో మల్లెపొద తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. దానికి చదువు లేదు, వాసన ఒక్కటే వచ్చు.

ముందు మెచ్చుకోలు. తమరు రాకముందు పూల పరిస్థితి దారుణం. గులాబీని బట్టీలో వేసి ఆవిరి పట్టేవాళ్లు. దాని వాసనలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ చాలావరకు నీళ్లపాలయ్యేది. మల్లె ఆవిరికి తట్టుకోదని వాసనను కరిగించే హెక్సేన్‌లో ముంచేవాళ్లు. 1970లలో స్విట్జర్లాండ్‌లో రోమన్ కైజర్, ఆ తర్వాత అమెరికాలో మన దేశంలోనే పుట్టిన బ్రజ ముఖర్జీ అనే రసాయన శాస్త్రవేత్తలు తమరి చేత వేరే పద్ధతి పట్టించారు. కొమ్మ తుంచరు, రేకు ముట్టరు. పువ్వును లోపల కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న గాలిని చిన్న పంపుతో లాగి, వాసనను పట్టి ఉంచే పొడి ఉన్న సన్న గొట్టం గుండా గంటల తరబడి పోనిస్తారు. చిక్కే సరుకు మైక్రోగ్రాముల్లో. ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు కూడా ఇంత మర్యాదగా సోదా చెయ్యరు.

ఆర్భాటమంతా ఆ తర్వాతే. పట్టిన వాసనను పావు మిల్లీమీటరు రంధ్రం, ముప్పై మీటర్ల పొడవు ఉన్న, వాసనలోని పదార్థాలను విడదీసే యంత్రపు గొట్టంలోకి తోలతారు. చురుకైనవి ముందు బయటపడతాయి, మొండివి వెనక ఈడ్చుకుంటూ వస్తాయి. ఒక్కోదానికీ గ్రాఫులో ఒక్కో గీత. తీరా చూస్తే తాటిచెట్టంత గీతకు చెప్పుకోదగ్గ వాసన ఉండకపోవచ్చు, కనీ కనపడని గీత గదంతా నింపేయొచ్చు. గులాబీలో డమాసినోన్ అనే పదార్థం ఉండేది పిసరంతే, పెత్తనం మాత్రం దానిదే. ఏ గీతకు ఎంత విలువో యంత్రానికి తెలియదు కాబట్టి, గొట్టం చివర గాజు గరాటు ఒకటి బిగించి, దానికి ముక్కు ఆనించి ఒక మనిషిని కూర్చోబెడతారు. "ఇప్పుడు పచ్చిగడ్డి... ఇప్పుడు తేనె... ఇప్పుడేం లేదు..." అంటూ ఆయన చెబుతుంటే పక్కవాళ్లు రాసుకుంటారు. ఇంత యంత్రమూ కొన్నాక ఆఖరికి ముక్కే దిక్కు! మా వీధి చివర పూలావిడ మూర కొలవకముందే నిన్నటి మొగ్గేదో ఇవాళ్టి మొగ్గేదో చెప్పేస్తుంది. ఆవిడకు ఏసీ గది కాదు గదా, గొడుగు కూడా లేదు.

తమరి నిజాయితీని మాత్రం శంకించను. మల్లె వాసనలోని పదార్థాల చిట్టాలో లినలూల్, బెంజైల్ అసిటేట్‌ల సరసన ఇండోల్‌ను కూడా దాచకుండా రాశారు. అది చిక్కగా ఉంటే కలరా ఉండల కంపు. ఇంకా విప్పి చెప్పాలంటే మరుగుదొడ్డి. లేశంగా తగిలితేనే మల్లె మల్లెలా ఉంటుంది. ఆ చిట్టా రూమ్ స్ప్రేల వాళ్ల చేతికి చేరాక ఏమవుతుందో తమరు చూసినట్టు లేరు. చవగ్గా దొరికేవి నాలుగు ఏరుకుని, ఇండోల్‌ను గుమ్మం బయట నిలబెట్టి, డబ్బా మీద తెల్లటి మల్లెల బొమ్మ వేస్తారు. తలనొప్పి ఉచితం. ఆ డబ్బా తీసుకెళ్లి పెట్టేది బాత్రూంలో. అక్కడ ఏ సరుకుకు కొరత లేదో, సరిగ్గా దాన్నే మల్లెలోంచి తీసేశారన్న మాట.

ఇంకో సంగతి, వేళ. మల్లెమొగ్గ పొద్దుగూకితే గానీ నోరు విప్పదు. తమరు ఏ గంటకు బోర్లిస్తే చిట్టా ఆ గంటదే. తెంపితే లెక్క మళ్లీ మారుతుంది. ఆ గంట ఏదో డబ్బా మీద ఎవరూ వెయ్యరు. తయారీ తేదీ, ఎక్స్‌పైరీ తేదీ మాత్రం వేస్తారు.

1998లో ఒక చిన్న గులాబీ మొక్కను డిస్కవరీ నౌకలో అంతరిక్షానికి కూడా తీసుకెళ్లారట. బరువు లేని చోట దాని వాసన మారింది. ఆ మారిన వాసన ఒక జపాన్ కంపెనీ సెంటులోకి చేరింది. పాపం, తల తిరిగిన గులాబీకి కూడా గిరాకీయే! అదే నౌకలో 77 ఏళ్ల అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ గారు కూడా వెళ్లారు. ఆయన వాసన ఎవరూ పట్టలేదు, అదొక్కటి నయం.

మా మల్లెపొద మనవి ఇంతే. రండి, కాదనదు. చీకటి పడ్డాక రండి. ఇండోల్ కొట్టేసినవాడు మల్లె పేరు కూడా కొట్టేయాలని చిట్టా కింద ఒక షరతు రాయించండి. వచ్చిన పనిలో పనిగా, తుమ్మెద సంపెంగ మీద వాలదని మా కవులు వందల ఏళ్లుగా పట్టుబడుతున్నారు. సంపెంగను కూడా ఒకసారి విచారించి, కారణం వాసనలో ఉందో కవుల్లో ఉందో తేల్చండి.

ఇట్లు,
మల్లెపొద తరఫున, దానికి నీళ్లు పోసే మనిషి

తా.క.: మొగలిపువ్వు కోసం శ్రీకాకుళం, గంజాం తీరాల వైపు వెళ్లే ఆలోచన ఉంటే ఒక్క మాట. ఆకుల అంచులకు ముళ్లుంటాయి. పొదలో పాములుంటాయని పెద్దవాళ్లు పిల్లల్ని అటు పోనివ్వరు. తమరు గాజు, తమరికేం కాదు. పంపు మోసే కుర్రాడికి మాత్రం బూట్లు కొనిపెట్టండి.