మూడు రోజులు ఊరుకుంటే జనం మరచిపోతారా?

‘దుకాణం మీద నింద పడితే చేయాల్సిన అయిదు పనులు’ అనే సందేశం నల్లగొండ వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. సారాంశం ఇది: నోరు మెదపకండి, మూడు రోజుల్లో జనం మరచిపోతారు. చెడు కామెంట్లు తీసేసి, రాసినవారిని బ్లాక్ చేయండి. వినకపోతే ఐటీ చట్టం 66ఏ కింద కేసు పెడతామని చెప్పండి. తెలిసినవాళ్లతో అయిదు నక్షత్రాల రివ్యూలు రాయించండి. క్షమాపణ మాత్రం వద్దు, చెబితే తప్పు ఒప్పుకున్నట్టే.

చిన్న హోటళ్లకు, బట్టల దుకాణాలకు ఫేస్‌బుక్, గూగుల్ పేజీలు చూసిపెట్టడం నా పని. ఈ సలహాలు పాటించి చేతులు కాల్చుకున్నవారు ఆకుల కోసం వచ్చేది నా దగ్గరికే. అందుకే ఈ జవాబు.

ముందు 66ఏ సంగతి తేల్చేద్దాం, అది తేలిక. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలు రాస్తే శిక్షించే ఆ సెక్షన్ ఇప్పుడు లేదు. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న దాన్ని కొట్టివేసింది. ఆ తర్వాత కూడా దాని కింద కేసులు నమోదవుతుంటే, ఎవరినీ విచారించకూడదని 2022 అక్టోబరులో మరోసారి చెప్పాల్సి వచ్చింది. పరువు నష్టానికి వేరే చట్టం ఉన్న మాట నిజమే, భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. కానీ ఫోను చేయగానే పోలీసులు వచ్చి పట్టుకుపోయే నేరం కాదది. మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు దాఖలు చేసుకోవాలి. పైగా ప్రజల మేలు కోసం చెప్పిన నిజం పరువు నష్టం కాదన్నది ఆ సెక్షన్‌లోనే మొదటి మినహాయింపు. సాంబారులో నిజంగానే బొద్దింక ఉంటే ఆ కేసు ఎటు పోతుందో వకీలును అడగనక్కర్లేదు.

బొద్దింక మాట ఊరికే ఎత్తలేదు. పోయిన ఏడాది మా ఊళ్లో టిఫిన్ హోటల్ నడిపే ఒకాయన రాత్రి పదకొండు గంటలకు ఫోను చేశారు. “తమ్ముడూ, మా పేజీ కింద ఎవరో వీడియో పెట్టారు. తీసేశాను, ఆమెను బ్లాక్ కూడా చేశాను. ఇంకేమైనా చేయాలా?” వీడియో పంపమన్నాను. 27 సెకన్లు. స్టీలు గిన్నెలో సాంబారు, మునక్కాయ ముక్క పక్కన చెంచా అంచుకు అతుక్కుని పైకి వచ్చిన బొద్దింక, వెనక నుంచి “ఇదిగో చూడండి” అంటూ ఒక ఆడగొంతు. “అన్నా, అది మన సాంబారేనా?” అని అడిగాను. అవతల నుంచి మాట లేదు. గిన్నె అంచు మీద హోటల్ పేరు చెక్కి ఉంది.

తెల్లవారేసరికి ఆ వీడియో ఊరి గ్రూపులన్నింటికీ పాకింది. ఈసారి దానికి ఒక స్క్రీన్‌షాట్ తోడైంది. ‘అడిగినందుకు బ్లాక్ చేశారు’ అని పైన రాసి, చుట్టూ ఎర్ర గీత గీశారు. రాత్రి దాకా ఆమె తెలిసినవాళ్లకే పరిమితమైన సంగతిని ఊరందరికీ చేర్చింది మన అన్నే. 2003లో అమెరికా గాయని బార్బ్రా స్ట్రైసాండ్‌కూ ఇదే జరిగింది. సముద్రతీరంలోని తన ఇంటి ఫొటోను వెబ్‌సైట్ నుంచి తీసేయాలంటూ ఆమె 5 కోట్ల డాలర్లకు దావా వేశారు. అప్పటికి ఆ ఫొటోను డౌన్‌లోడ్ చేసింది 6 సార్లు, అందులో 2 సార్లు ఆమె వకీళ్లే. దావా వార్త బయటికి వచ్చాక ఒక్క నెలలో 4 లక్షల మందికి పైగా ఆ సైట్ చూశారు.

ఇక మౌనం. వీధిలో పోయేవారి ప్రతి మాటకూ బదులివ్వనక్కర్లేదు, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ వచ్చిన మాట నిజమా, అబద్ధమా అని ఆ సందేశంలో ఎక్కడా అడగలేదు. అబద్ధమైతే ఊరుకోవడం ఇంకా ప్రమాదం. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్ వీడియోలు నడిగడ్డ, అంటే గద్వాల ప్రాంతపు పల్లెలను చుట్టుముట్టాయి. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం చీకటి పడగానే తలుపులు వేసుకుంటున్నారని కానిస్టేబుళ్లు గమనించారు. అప్పటి జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ‘అదే చల్లారుతుందిలే’ అనుకోలేదు. 400కు పైగా గ్రామాలకు పోలీసులను పంపారు, ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వారిని చేర్పించారు, డప్పుతో, పాటలతో అది పుకారని చెప్పించారు. ఆ మే నెలలో అదే పుకారుకు మన రాష్ట్రంలోనే వేరే చోట్ల అమాయకులను కొట్టి చంపారు. గద్వాలలో ఆ ఘోరం జరగలేదు. 2020 ఫిబ్రవరిలో కోడిమాంసంతో కరోనా వస్తుందన్న పుకారు లేచినప్పుడు మంత్రులే హైదరాబాద్‌లో వేదికెక్కి చికెన్ తిని చూపించారు. మూడు రోజులు ఆగుదామని వారూ అనుకోలేదు.

అయిదు నక్షత్రాల గురించి ఎక్కువ రాయను. ఒకే రాత్రి ఇరవై రివ్యూలు, అన్నింట్లోనూ ‘రుచి అద్బుతం’ అని ఒకే అక్షరదోషం. జనానికి కళ్లు లేవా? దొంగ రివ్యూలు గూగుల్ నిబంధనలకు విరుద్ధం, కనిపెడితే తీసేస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా 2022లో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది. చెడ్డ రివ్యూ కిందనే యజమాని జవాబు రాసుకునే వీలుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఆ సంగతి మాత్రం సందేశంలో లేదు.

క్షమాపణ దగ్గర మా అన్న కూడా మొండికేశారు. మొదట రాసుకొచ్చిన కాగితంలో ‘కొందరు గిట్టనివారు’ అని ఉంది. కొట్టేశాను. ‘మా వల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగి ఉంటే’ అని ఉంది. అదీ కొట్టేశాను, కలిగి ఉంటే ఏమిటి, కలిగింది కదా! చివరికి మిగిలినవి నాలుగు వాక్యాలు: ‘మా సాంబారులో బొద్దింక పడిన మాట నిజం. అడిగినవారిని బ్లాక్ చేయడం రెండో తప్పు. రెండు రోజులు హోటల్ మూసి వంటగది, సామాన్ల గది శుభ్రం చేయిస్తున్నాం. గురువారం నుంచి ఎవరైనా లోపలికి వచ్చి చూడవచ్చు.’ అది పెట్టే ముందు, బ్లాక్ తీసేసి, ఆమెకు స్వయంగా ఫోను చేయించాను. అయిదు నిమిషాలు చీవాట్లు పెట్టారట. అన్న విన్నారు.

గిరాకీ వెంటనే తిరిగి రాలేదు. కామెంట్లలో వెక్కిరించినవారూ ఉన్నారు, ఒక్కటీ తీయనివ్వలేదు. గురువారం ఉదయం ముగ్గురు వచ్చి నిజంగానే వంటగదిలోకి తొంగిచూశారు. ఇద్దరు ఇడ్లీ తిన్నారు. మూడో ఆయన సాంబారు వద్దని, చట్నీతో దోసె తిని వెళ్లారు.