మూత్రంలో గాలి పోతే అది గ్యాస్ ట్రబుల్ కాదు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులోకి ఒకే మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తోంది. అందులో ఉన్నది ఇది: పెద్దపేగులో తిత్తులు, అంటే డైవర్టిక్యులోసిస్, ఉన్నవాళ్లకు మూత్రంలో గాలి పోతే అది కడుపులో గ్యాసే, వాము నీళ్లు తాగితే తగ్గుతుంది. గింజలు తినడం వల్లే తిత్తులు వాస్తాయి. ఒకవేళ ఫిస్టులా, అంటే రెండు అవయవాల మధ్య ఉండకూడని దారి, ఏర్పడినా క్షారసూత్రం (ఆయుర్వేదంలో మందు పూసిన దారం) కట్టించుకుంటే చాలు. ఆపరేషన్ జోలికి వెళ్తే బతికినంతకాలం మలం పట్టడానికి పొట్టకు సంచే. ఈ నాలుగు మాటలూ తప్పే. అన్నిటికంటే ప్రమాదకరమైనది మొదటిది.

పేగులోని గాలి మూత్రాశయంలోకి రావడానికి ఒంట్లో దారే లేదు. ఎక్కడో బొక్క పడితేనే వస్తుంది. తిత్తి పదేపదే వాచి, చీముపట్టి, పక్కనే ఉన్న మూత్రాశయం గోడకు అతుక్కుని, దాన్ని తొలిచేస్తుంది. ఈ జబ్బులో ఏర్పడే ఫిస్టులాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. చిన్నపేగులోకి, గర్భాశయంలోకి, పొట్ట చర్మం మీదికి తెరుచుకునేవి ఇంకా అరుదు.

అనంతపురంలో ఉండే మా చిన్నాయనకు మూత్రం చివర్లో ధార తెగి బుస్సుమని గాలి పోయేది. మూత్రం మట్టినీళ్లలా, మలం వాసనతో వచ్చేది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. పిన్ని అడిగితే "గ్యాస్ లేమ్మే" అని దాటేసేవాడు. యూరిన్ ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ మార్చి మార్చి ఇచ్చారు. కోర్సు అయిపోగానే మళ్లీ చలిజ్వరం. కల్చర్ రిపోర్టు తీసి చూస్తే పేగుల్లో ఉండే క్రిములే, అవీ ఒక రకానికి మించి. అక్కడే ఎవరైనా అనుమానించి ఉండాల్సింది. చివరికి బెంగళూరు తీసుకొచ్చి సీటీ తీయిస్తే మూత్రాశయంలో గాలి స్పష్టంగా కనబడింది.

క్యాథెటర్ (మూత్రం గొట్టం) లాంటిదేమీ వేయకుండానే అక్కడ గాలి ఉందంటే మొదట వెతకాల్సింది ఫిస్టులానే. షుగర్ ఉన్నవాళ్లలో గాలి పుట్టించే ఇన్ఫెక్షన్ వల్ల కూడా అలా కనబడొచ్చు, అదీ తేలిగ్గా తీసుకునేది కాదు. పెద్దపేగు క్యాన్సర్ కూడా ఇలాగే మూత్రాశయంలోకి తొలుచుకుపోగలదు కాబట్టి కొలొనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, తప్పించుకోకూడదు. వాము నీళ్లతో నెలలు గడిపితే పోయేది ఆ సమయమే.

ఆడవాళ్లకు గర్భసంచి పేగుకూ మూత్రాశయానికీ మధ్య అడ్డుగా ఉంటుంది. అందుకే ఈ ఫిస్టులా మగవాళ్లలో ఎక్కువ. గర్భసంచి తీసేసినవాళ్లకు ఆ అడ్డు ఉండదు. వాళ్లలో పేగు నేరుగా యోని పైభాగంలోకి తెరుచుకుని గాలి, మలం అటు నుంచి రావచ్చు. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందున్నాయని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తేలింది. అందుకే మన అమ్మలనూ అత్తలనూ ఈ మాట విడిగా అడగాలి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.

గింజల సంగతి. అమెరికాలో 47,228 మంది మగవాళ్లను 18 ఏళ్లు గమనించిన అధ్యయనం 2008లో వచ్చింది. పల్లీల్లాంటి గింజలు, పాప్‌కార్న్ తిన్నవాళ్లకు తిత్తుల వాపు పెరగలేదు. గసగసాల మీద మెసేజ్‌లో ప్రత్యేకంగా నిషేధం పెట్టారు. ఆ గసగసాలతోనే ఫిస్టులాను కనిపెట్టే పాత పరీక్ష ఒకటుంది: తినిపించి, రెండు రోజులు మూత్రం పట్టి చూస్తారు. గింజలు అందులో తేలితే దారి ఉన్నట్టే.

క్షారసూత్రాన్ని నేను తక్కువ చేయను. మలద్వారం పక్కన వచ్చే భగందరానికి అది పనిచేస్తుంది. 1991లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పరీక్షలో మానడానికి ఎక్కువ కాలం పట్టినా తిరగబెట్టడం తక్కువని తేలింది. కానీ అక్కడ ఫిస్టులా నోరు చర్మం మీద ఉంటుంది, దారం దూర్చవచ్చు. పేగుకూ మూత్రాశయానికీ మధ్యది కటిలోపల ఉంటుంది. దారం ఎక్కడ నుంచి దూర్చాలి?

ఇక సంచి భయం. ఆపరేషన్‌లో జబ్బుపడిన పేగు ముక్కను, సాధారణంగా సిగ్మాయిడ్ అనే పెద్దపేగు చివరి వంపును, తీసేసి మిగిలిన రెండు చివరలనూ కలిపి కుట్టేస్తారు. మూత్రాశయం బొక్క పెద్దదైతే కుట్టు వేస్తారు, చిన్నదైతే క్యాథెటర్ పెట్టి వదిలేసినా మానుతుంది. మధ్యలో పొట్టలోని కొవ్వు పొరను అడ్డంగా పరుస్తారు. వారం పది రోజులకు క్యాథెటర్ తీసేస్తారు. అనుభవం ఉన్నచోట లాపరోస్కోపీతోనూ చేస్తారు. ముందే ప్లాన్ చేసుకుని చేస్తే చాలామందికి సంచి అవసరమే రాదు. చీము పాకి ఎమర్జెన్సీగా వస్తేనో, ఒళ్లు బాగా బలహీనపడితేనో పెడతారు. అప్పుడూ చాలాసార్లు కొన్ని నెలల తర్వాత మూసేయగలరు. గుండె జబ్బుతో మత్తు తట్టుకోలేని పెద్దవాళ్లకు ఆపరేషన్ వద్దని, యాంటీబయాటిక్స్‌తో నెట్టుకురమ్మని డాక్టర్లే చెప్పొచ్చు. అది పరీక్షలన్నీ చూశాక డాక్టరు తీసుకునే నిర్ణయం, ఫార్వర్డ్ చూసి ఇంట్లో తీసుకునేది కాదు.