పీత కష్టాలు పీతవే

సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అన్నారు పెద్దలు. సీత కష్టాల మీద కావ్యాలొచ్చాయి, హరికథలొచ్చాయి. పీత కష్టాల మీద ఇన్నేళ్లలో ఒక్క అర్జీ కూడా రాలేదు. కాబట్టి ఈ వ్యాసాన్నే అర్జీగా స్వీకరించవలసిందని సంబంధిత అధికారులను (ఎవరో మరి, మత్స్యశాఖా, శిశు సంక్షేమమా) కోరుతున్నాను.

అర్జీదారు ఫిడేలు పీత, మగవాడు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో పోటు దిగి బురద బయటపడ్డాక, చెక్క వంతెన మీద చప్పుడు చెయ్యకుండా కాసేపు నిలబడితే దర్శనమిస్తాడు. మనిషి చూస్తే చిటికెడంత, ఒక చెయ్యి మాత్రం ఆ ఒంటికి ఏ రకంగానూ పొంతన లేనంత పెద్దది. ఒంటి బరువులో మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తూగుతుంది, అంటే అరవై కిలోల మనిషి ఇరవై కిలోల చెయ్యి భుజానికి తగిలించుకుని జన్మంతా తిరుగుతున్నట్టు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని జనం ఫిడేలు నాయుడుగారనేవాళ్లు. ఆయనకి ఫిడేలు చేతిలో ఉండేది, కచేరీ అయ్యాక పెట్టెలో పెట్టేసేవారు. వీడికి చెయ్యే ఫిడేలు. పెట్టె లేదు.

ఆడపీతకి రెండూ చిన్న చేతులే. రెండింటితోనూ బురద ఎత్తి నోట్లో పెట్టుకుని, తినేదేదో తిని, మిగిలింది ఉండ చుట్టి పడేస్తుంది. మగవాడికి తిండికి పనికొచ్చేది ఒక్కటే చెయ్యి. గబగబా తినాలి, లేదా ఎక్కువసేపు తినాలి. ఇక ఆ పెద్ద చెయ్యి దేనికయ్యా అంటే, పక్కింటివాడితో తగువుకి, మిగతా టైమంతా ఊపడానికి. బొరియ ముందు నిలబడి ఊపుతూనే ఉంటాడు. కొన్ని జాతుల్లో చుట్టుపక్కల మగవాళ్లంతా ఒకే తాళంలో ఊపుతారు. చూసేవాళ్లు ఆహా ఎంత ఐకమత్యం అనుకుంటారు. అంత లేదు. ముందు ఎత్తినవాడి మీదే ఆడపీత కన్ను పడుతుంది కాబట్టి ప్రతివాడూ పక్కవాడికన్నా ముందు ఎత్తాలని చూస్తాడు, ఆ తొక్కిసలాటే తాళంలా కనిపిస్తుంది.

నెమలి ఈక చూసినప్పుడల్లా వికారం పుడుతోందని డార్విన్ 1860లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. బతకడానికి అడ్డొచ్చే ఆర్భాటం తన సిద్ధాంతంలో ఎక్కడ ఇముడుతుందని ఆయన టెన్షన్. 1871లో జవాబు తేల్చాడు: ఆడవి ఎంచుకుంటున్నాయి గనక. ఆ తర్వాత 1975లో అమోట్జ్ జహావీ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఇంకో మెట్టు ఎక్కి, ఖర్చే రుజువన్నాడు. అంత బరువు మోస్తూ కూడా చావలేదంటే సరుకున్నవాడేనట. ఇది చదవగానే మా బంధువు ఒకాయన గుర్తొచ్చాడు, పెళ్లిచూపులకి అద్దె కారు తెచ్చి వాకిట్లో పెట్టించిన మహానుభావుడు.

పీతల్లోనూ అద్దె కార్లున్నాయి. దెబ్బలాటలో పెద్ద చెయ్యి ఊడిపోతే మళ్లీ మొలుస్తుంది. కొన్ని జాతుల్లో ఆ కొత్త చెయ్యి పొడవుకి పొడవే గానీ లోపల కండ తక్కువ, పట్టు తక్కువ, బరువూ తక్కువే. అచ్చమైన రోల్డ్ గోల్డ్. ఆఫ్రికా తూర్పు తీరంలో చూస్తే కొన్ని చోట్ల పది మందిలో నలుగురివి ఇలాంటివే. ఆడపీతకి తేడా తెలీదు, ఎదురుగా నిలబడ్డ మగవాడికీ చూపులో తెలీదు. కలబడితే తెలుస్తుంది. జహావీగారి రుజువుకి బురదలో దక్కిన గౌరవం ఇదీ.

ఇంతా చేసి పెళ్లి కుదిరేది చేతిని చూసి కాదు! కాలిఫోర్నియా ఫిడేలు పీతల వెంట పడి లెక్కపెడితే, ఒక్కో ఆడపీత సగటున 23 ఇళ్లు చూసిందట, ఒకావిడ ఏకంగా 106. చెయ్యి ఊపితే గుమ్మం దాకా వస్తుంది, అంతే. లోపలికి దూరి బొరియ కొలతలు చూసుకుంటుంది, ఎందుకంటే పిల్లలు సరైన పోటుపాట్ల వేళకే గుడ్లలోంచి బయటపడి నీళ్లలో కలవాలి, అది బొరియ వెడల్పు మీద కూడా ఆధారపడుతుంది. ఆవిడ లెక్కలు ఆవిడవి, నేనేమీ అనను. వీడు మాత్రం ఒంట్లో మూడో వంతు పెట్టి కట్టుకున్నది ఇల్లు కాదు, టులెట్ బోర్డు.

నా ప్రతిపాదన చాలా సులువు. రేపటి నుంచి మగపీతలన్నీ చేతిని సగానికి సగం తగ్గించుకోవాలి. ఎవడు పెద్ద, ఎవడు చిన్న అన్న వరస మారదు, పోటీ పోటీలాగే ఉంటుంది, అందరికీ బరువు తగ్గుతుంది, కొంగ వస్తే పరిగెత్తడానికీ వీలుంటుంది. చిక్కల్లా ఒక్కటే, అందరూ తగ్గించుకున్న మర్నాడు ఎవడో ఒకడు కాస్త పెద్ద చెయ్యితో పుడతాడు, ఆ పూట గుమ్మం ముందు క్యూ అంతా వాడిదే, వాడి పిల్లలవీ పెద్ద చేతులే. దీనికి క్రమశిక్షణా సంఘం వెయ్యాలి. అధ్యక్షుడిగా ముసలి పీతని పెడదామంటే అందరికన్నా పెద్ద చెయ్యి ఆయనదే.

అర్జీ రాయడం అయిపోయింది, సంతకాలే మిగిలాయి. ఏ చేత్తో పెట్టిస్తావన్నయ్యా అన్నాడు మా తమ్ముడు. చిన్న చెయ్యి తిండిలో ఉంది. పెద్దది ఊపడంలో ఉంది. పోటొచ్చే టైమైంది, వంతెన దిగి వచ్చేశాం.