అరుగు మీద అగ్గిపెట్టె

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో భోజనాలయ్యాక ఒకసారి హాలు వెనక పార్కింగ్ వైపు వెళ్ళి చూడండి. నలుగురైదుగురు మగవాళ్ళు కార్ల మధ్య నిలబడి ఉంటారు. ఎవరైనా పెద్దాయన అటు వస్తే చేతులు గబుక్కున వెనక్కి పోతాయి. నలభై దాటి, ఇళ్ళు కట్టుకుని, పిల్లల్ని కాలేజీలకు పంపుతున్నవాళ్ళం. అయినా పొగ పక్కకి ఊదేసి, నోట్లో సోంపు వేసుకుని, "నమస్కారమండీ, పులిహోర భలే కుదిరింది" అంటాం. ఆ గుంపులో నేను పదహారేళ్ళు నిలబడ్డాను. 2024 నవంబరులో మానేశాను. అప్పటికి అది ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఇన్నేళ్ళు నన్ను వదలకుండా పట్టుకున్నది నికోటిన్ ఒక్కటే అంటే నేనొప్పుకోను. దాచుకోవడం అంతకంటే గట్టిగా పట్టుకుంది.

మాది కందుకూరు వైపు పల్లె. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపారు గానీ మా నాయనకు జిల్లా అంటే ఎప్పుడూ ఒంగోలే. పొగాకు పండించే ఇల్లు. కొండపి, టంగుటూరు, పొదిలి, కలిగిరి, డీసీ పల్లి అంటే మా ఇంట్లో ముందుగా గుర్తొచ్చేవి వేలం కేంద్రాలు, ఆ తర్వాతే ఊళ్ళు. రెలుపులు, అంటే ఆకు కోతలు, మొదలైతే అమ్మ చేతులు ఆకు జిగురుతో నల్లబడేవి. ఎంత తోమినా పోయేది కాదు. ఆ చేత్తో కలిపి పెట్టిన ముద్ద చేదు తగిలేది. మంచుకు తడిసిన ఆకు కోసిన రోజు కొత్త కూలీలు కళ్ళు తిరిగి వాంతులు చేసుకునేవాళ్ళు. పైత్యం అనుకునేవాళ్ళం. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుందని నేను అమెరికా వచ్చాక చదివాను.

మా నాయన ఎన్నడూ పొగ తాగలేదు. పచ్చాకును వేడితో ఆరబెట్టే గదిని బ్యారన్ అంటారు. అందులో ఆకు ఆరుతున్న ఐదారు రోజులూ పొయ్యి దగ్గరే పడుకునేవాడు, అర్ధరాత్రి లేచి టార్చిలైటు వేసి హీటు చూసేవాడు. కానీ ఆకును మండెగా, అంటే గుట్టగా, పేర్చిన షెడ్డు దరిదాపుల్లో ఎవరైనా బీడీ ముట్టిస్తే ఆ రోజు వాడికి తిట్లే. ఎండిన ఆకు, ఒక్క నిప్పురవ్వ చాలు.

నేను మొదలుపెట్టింది 1994లో, కావలిలో ఇంటర్ చదివేటప్పుడు. హాస్టల్ ఎదురుగా బడ్డీ కొట్టు, గుంజకు వేలాడే కొబ్బరి తాడు, దాని కొసన ఎప్పుడూ ఆరని నిప్పు. విడిగా ఒకటి కొని, వంగి, తాడుకి ముట్టించుకోవాలి. ఇంటికెళ్ళే బస్సెక్కేముందు జామాకు నమిలేవాణ్ణి. ఎవరికీ తెలియదనుకున్నాను. నాయనకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా రాత్రి భోజనమయ్యాక ఆయన అరుగు మీద అగ్గిపెట్టె ఒకటి మరిచిపోయినట్టుగా వదిలి లోపలికి వెళ్ళేవాడు. పాతికేళ్ళలో ఆ సంగతి మీద మా ఇద్దరి మధ్య నడిచిన మాటంతా ఆ అగ్గిపెట్టే.

దీన్ని మనం గౌరవం అంటాం. పెద్దల ముందు కాల్చకపోవడం మంచి మర్యాదే, కాదనను. అయితే కాల్చనట్టు నటించేవాడు మానడానికి సాయం ఎవరిని అడుగుతాడు? నేను ఐదుసార్లు మానాను, ఐదుసార్లూ ఎవరికీ చెప్పకుండానే. అన్నిసార్లూ మళ్ళీ మొదలుపెట్టినా అడిగినవాళ్ళు లేరు, ఎందుకంటే అసలు మానినట్టే ఎవరికీ తెలియదు.

చివరికి నన్ను పట్టించింది ఒక కాగితం. ఇన్సూరెన్స్ దరఖాస్తులో పొగాకు వాడతారా అన్న చోట అలవాటుగా లేదని రాశాను. వాళ్ళు మూత్రంలో కోటినిన్ చూస్తారు. నికోటిన్ ఒంట్లో విరిగితే మిగిలేది అదే, రోజుల తరబడి కనిపిస్తుంది. ప్రీమియం రెట్టింపు దాటిపోయిందని ఉత్తరం వచ్చింది. విప్పింది మా ఆవిడ. ఆమెకు తెలియనిదేమీ కాదు, గరాజ్‌లో నేను దేనికి నిలబడతానో తెలియనంత అమాయకురాలు కాదు. కానీ తెలిసిన విషయం అచ్చులో, నా అబద్ధంతో సహా, డైనింగ్ టేబుల్ మీదికి వచ్చింది. ఆ రాత్రి మొదటిసారి రోజుకు ఎన్ని అన్నది నిజంగా చెప్పాను. పదిహేను.

ఆ తర్వాత నడిచిందంతా మామూలే. డాక్టరు 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌తో మొదలుపెట్టి 14కి, ఆ తర్వాత 7కి దించారు. మరీ లాగినప్పుడు నికోటిన్ గమ్. దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు, రెండు నములు నమిలి బుగ్గన పెట్టుకోవాలి. ప్యాచ్‌తో పడుకుంటే వచ్చే కలలు మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు, మా బ్యారన్ మూడుసార్లు తగలబడింది. ఇంకొకటి కూడా చెప్పాలి. పొగ తాగేవాళ్ళలో కెఫీన్ తొందరగా విరిగిపోతుంది. మానేశాక అదే నాలుగు కప్పుల కాఫీ రెండింతలు పనిచేస్తుంది. గుండె దడ, చేతుల వణుకు అంతా సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుని నేను రెండుసార్లు ఓడిపోయాను. ఈసారి కాఫీ సగానికి తగ్గించాను, టెన్షన్ కూడా సగం తగ్గింది.

మార్చిలో మన కార్యక్రమంలోనే ఒకటి కాల్చాను. అదే పార్కింగ్, అవే కార్లు. ఇంటికెళ్ళే దారిలో మా ఆవిడకు చెప్పేశాను. ఆమె ఒక కిలోమీటరు దూరం మాట్లాడలేదు, తర్వాత గమ్ తీసి ఇచ్చింది. చెప్పబట్టే అది ఒక్కటితో ఆగింది. పాత పద్ధతిలో అయితే మర్నాటికి పెట్టె కొనేవాణ్ణి.

ఇంత వయసులో మానితే లాభమేంటని అడిగేవాళ్ళుంటారు. బ్రిటన్ డాక్టర్లను యాభై ఏళ్ళపాటు గమనించి రిచర్డ్ డాల్ బృందం 2004లో లెక్క తేల్చింది. జీవితాంతం కాల్చినవాళ్ళు సగటున పదేళ్ళు ముందే పోయారు. యాభైలో మానినవాళ్ళకు అందులో సుమారు ఆరేళ్ళు, నలభైలో మానినవాళ్ళకు తొమ్మిదేళ్ళు తిరిగొచ్చాయి. నేను మానింది నలభై ఆరులో. ఏడో ఎనిమిదో వస్తాయనుకుంటున్నాను, బేరమాడను.

పొగాకు వద్దంటున్నావు, మరి దాని డబ్బుతోనే కదా చదివింది అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే. నా ఫీజులు బేళ్ళు అమ్మిన డబ్బే. ఇక్కడ కూర్చుని మా రైతులకు నీతులు చెప్పే పని నాది కాదు. వేరే పంటకు ఆ ధర వచ్చేలా చూస్తే వాళ్ళే మారతారు. అది వేరే వ్యాసం.

మొన్న ఫిబ్రవరిలో ఊరెళ్ళాను. రాత్రి భోజనమయ్యాక నాయన అలవాటు ప్రకారం అగ్గిపెట్టె అరుగు మీద పెట్టాడు. తీసి చేతికిచ్చాను. "అక్కర్లేదు నాయనా." ఆయన కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్నాళ్ళయింది?"

"పదిహేను నెలలు."

"ఎట్టా మానావురా?"

ప్యాచ్ గురించి చెప్పాను. చర్మం మీద అంటించుకుంటే నికోటిన్ లోపలికి పోతుందంటే నవ్వాడు. "మన కూలోళ్ళకు ఎక్కినట్టేనన్నమాట." ఆ మాటతో కూలి రేట్ల మీదికి వెళ్ళిపోయాం.

మన సంఘం ఏటా హెల్త్ క్యాంప్ పెడుతుంది. షుగర్ చూస్తారు, బీపీ చూస్తారు, కొలెస్ట్రాల్ అడుగుతారు. సిగరెట్ సంగతి ఎవరూ అడగరు, అడిగితే పెళ్ళాం పక్కనే ఉంటుంది కాబట్టి ఎవరూ చెప్పరు. ఈ దేశంలో 1-800-784-8669కి ఫోన్ చేస్తే మానడానికి ఉచితంగా సాయం చేస్తారు, చాలా రాష్ట్రాల్లో ప్యాచ్‌లు కూడా పంపుతారు. ఇండియాలో అలాంటిదే 1800-11-2356. ఈ రెండు నంబర్లూ మన క్యాంప్ కరపత్రంలో ఇంతవరకూ వేయలేదు. ఈసారి వేయండి. బీపీ బల్ల పక్కన రెండు కుర్చీలు కూడా వేయించండి, ఒకదాంట్లో నేను కూర్చుంటాను. బోర్డు అక్కర్లేదు. పార్కింగ్‌లో నాతోపాటు నిలబడ్డవాళ్ళందరికీ నా మొహం తెలుసు.